గాలి ముందు అందరూ సమానమే

ఎదురుగాలిలో ఎప్పుడైనా సైకిలు తొక్కారా? తొక్కే ఉంటారు. వేసవి సాయంత్రం పైరగాలి జోరుగా వీస్తూ ఉంటుంది. పది కిలోమీటర్ల దూరంలో ఉన్న పక్క ఊరికి మీరు బయలుదేరారు. గాలి సరిగ్గా మీ మొహానికి కొడుతోంది. చొక్కా బుడగలా ఉబ్బుతుంది, పెడల్ బరువెక్కుతుంది, ఊరు ఎంతకీ దగ్గర పడదు. అప్పుడు మనసుకు ఒక మాట చెప్పుకుంటారు: ‘పోనీలే, తిరిగి వచ్చేటప్పుడు ఇదే గాలి నన్ను వెనక నుంచి తోసుకొస్తుంది కదా! లెక్కకు లెక్క సరిపోతుంది.’

సరిపోదు! కావాలంటే లెక్క వేసి చూడండి. గాలి లేనప్పుడు మీ సైకిలు గంటకు 20 కిలోమీటర్లు పోతుందనుకుందాం. పోవడానికి 30 నిమిషాలు, రావడానికి 30 నిమిషాలు. మొత్తం 60. ఇప్పుడు గాలి వచ్చింది. పోయేటప్పుడు మీ వేగం గంటకు 5 కిలోమీటర్లు తగ్గింది, వచ్చేటప్పుడు అంతే పెరిగింది. పోవడానికి 40 నిమిషాలు పట్టింది, రావడానికి 24 నిమిషాలు. మొత్తం 64! నాలుగు నిమిషాలు ఎక్కడికి పోయాయి? ఎదురుగాలిలో మీరు ఎక్కువసేపు ఉన్నారు, వెనుకగాలిలో తక్కువసేపు ఉన్నారు. అంతే సంగతి. గాలి మన దగ్గర చేసిన అప్పును పూర్తిగా ఎన్నడూ తీర్చదు.

ఈ పాఠాన్ని కొన్ని వందల ఏళ్లుగా మనుషులకు నేర్పుతున్న ఒక సముద్రతీరపు మైదానం ఉంది. దాని గురించి నాలుగు మాటలు చెప్పాలనే ఈ వ్యాసం. ఆ మైదానంలో ఆడే ఆట గోల్ఫు.

‘గోల్ఫా! అది షావుకార్ల ఆట. దానితో మనకేం పని?’ అంటారేమో. నిజమే, చాలా దేశాలలో అది డబ్బున్నవాళ్ల ఆటే. చుట్టూ గోడ, గేటు దగ్గర కాపలా, లోపల సభ్యులు. కాని ఆ ఆట పెరిగి పెద్దదైన చోట కథ వేరు. అక్కడ అది ఊరుమ్మడి బీడులో ఊళ్లోవాళ్లు ఆడుకున్న ఆట. ఆ బీడు నేటికీ ఊరిదే. గాలి అక్కడ నేటికీ అందరి మీదా ఒక్కలాగే వీస్తుంది. ఈ రెండు విషయాలకూ సంబంధం ఉందని నా అభిప్రాయం. ఎలాగో చూద్దాం.

ఎవరూ తయారు చేయని మైదానం

స్కాట్లండు తూర్పు తీరాన, ఉత్తర సముద్రపు ఒడ్డున, సెయింట్ ఆండ్రూస్ అనే చిన్న పట్టణం ఉంది. ఆ పట్టణాన్ని ఆనుకుని ఉన్న మైదానాన్ని ‘ఓల్డ్ కోర్స్’ అంటారు. పాత మైదానం అని అర్థం. పేరుకు తగ్గట్టే ప్రపంచంలోని అతి పాత గోల్ఫు మైదానాలలో అది ఒకటి.

గోల్ఫు తెలియనివారి కోసం ఒక్క మాట. మీరు గోలీలాట ఆడారా? గోలీని దూరం నుంచి గుంటలోకి పంపాలి. కర్రాబిళ్ల ఆడారా? కర్రతో బిళ్లను దూరంగా కొట్టాలి. ఈ రెండింటినీ కలపండి, గోల్ఫు వస్తుంది. చిన్న బంతిని కర్రతో కొట్టుకుంటూ పోయి, చాలా దూరాన ఉన్న గుంటలో వేయాలి. అటువంటి గుంటలు 18. ఎవరు తక్కువ దెబ్బలలో ముగిస్తే వారే గెలిచినట్టు. గుంట వెడల్పు 108 మిల్లీమీటర్లు. బంతి బరువు 45.93 గ్రాములకు మించరాదు. దాని వ్యాసం 42.67 మిల్లీమీటర్లకు తగ్గరాదు.

ఇటువంటి తీరపు మైదానాలను ఆంగ్లంలో ‘లింక్స్’ అంటారు. గట్టు, మిట్ట అనే అర్థమున్న పాత మాట నుంచి అది వచ్చింది. ఈ నేల ఎలా ఏర్పడింది? వేల ఏళ్ల క్రితం మంచుయుగంలో స్కాట్లండు మీద బ్రహ్మాండమైన మంచు పలకలు ఉండేవి. అవి కరిగిపోయాక, బరువు దిగిన నేల మెల్లమెల్లగా పైకి లేచింది. సముద్రం వెనక్కు తగ్గింది. బయటపడిన ఇసుకను గాలి ఎగరేసి దిబ్బలుగా పోసింది. లోతుగా వేళ్లు తన్నే గట్టి గడ్డి ఆ ఇసుకను పట్టి నిలిపింది. మన విశాఖపట్నానికీ, భీమునిపట్నానికీ మధ్య ఉన్న ఎర్రమట్టి దిబ్బల విషయంలోనూ సముద్రమట్టం మారడం, గాలి ఇసుకను మోసుకురావడం ముఖ్యపాత్ర వహించాయి.

ఇసుక నేల కాబట్టి వ్యవసాయానికి పనికిరాలేదు. అందుకే గొర్రెలు మేశాయి, కుందేళ్లు బొరియలు తవ్వుకున్నాయి. గడ్డిని పొట్టిగా కొరికింది ఆ జంతువులే. గాలికి తట్టుకోలేక గొర్రెలు ఒదిగి పడుకున్న పల్లాలే తరువాత ఇసుక గోతులయ్యాయని చెబుతారు. ఈ మైదానంలో అటువంటి ఇసుక గోతులు 112 ఉన్నాయి. బంతి అందులో పడితే ఆటగాడి పాట్లు దేవుడికెరుక!

అంటే ఈ మైదానాన్ని మొదట గీసింది ఏ ఇంజనీరూ కాదు. మంచు, సముద్రం, గాలి, గడ్డి, గొర్రెలు, కుందేళ్లు కలిసి గీశాయి. మనుషులు తరువాత వచ్చి దిద్దుకున్నారు.

గాలి వేసే లెక్కలు

ఈ మైదానం ఆకారం ఒక విధంగా మన సైకిలు ప్రయాణం లాంటిదే. పట్టణం నుంచి తీరం వెంట బయటికి పోతారు, చివర చిన్న చుట్టు తిరిగి, పక్కపక్కనే తిరిగి పట్టణానికి వస్తారు. పోయేటప్పుడు గాలి ఎదురైతే వచ్చేటప్పుడు వెనక ఉంటుంది. మధ్యలో గాలి దిక్కు మారిందా, రెండు వైపులా ఎదురుగాలే!

బంతి మీద గాలి ఎంత బలం చూపుతుంది? ఇక్కడ ఒక సూత్రం గుర్తు పెట్టుకోండి. ఎగిరే బంతికి గాలి కలిగించే నిరోధం, సుమారుగా, బంతికీ గాలికీ మధ్య ఉన్న వేగపు వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. బంతి సెకనుకు 60 మీటర్ల వేగంతో బయలుదేరిందనుకుందాం. గాలి లేకపోతే 60 వర్గం 3,600. ఎదురుగాలి సెకనుకు 10 మీటర్లు ఉంటే బంతికి తగిలే గాలి వేగం 70. దాని వర్గం 4,900. అంటే నిరోధం 1,300 వంతులు పెరిగింది. అదే గాలి వెనక నుంచి వీస్తే వేగం 50. దాని వర్గం 2,500. నిరోధం 1,100 వంతులే తగ్గింది. చూశారా? ఎదురుగాలి చేసే కీడు 1,300, వెనుకగాలి చేసే మేలు 1,100. సైకిలు లెక్కలో కనిపించిన అప్పు ఇక్కడ మరో రూపంలో కనిపిస్తోంది.

కథ ఇంతటితో అయిపోలేదు. గోల్ఫు కర్రకు బంతి తగిలే చివరి భాగం కాస్త వెనక్కు వాలి ఉంటుంది. అందువల్ల బంతి ముందుకు ఎగురుతూనే వెనక్కు గిరగిరా తిరుగుతుంది, నిమిషానికి రెండు మూడు వేల చుట్లు! అలా తిరిగే బంతి తనను దాటిపోయే గాలిని కిందికి మళ్లిస్తుంది. న్యూటన్ మూడవ సూత్రం మీకు తెలుసు. బంతి గాలిని కిందికి తోస్తే, గాలి బంతిని పైకి తోస్తుంది. బంతి అంత దూరం తేలుతూ పోవడానికి ఇదొక కారణం. ఎదురుగాలిలో ఈ పైకి తోసే బలం కూడా పెరుగుతుంది. అప్పుడు బంతి పతంగిలా పైకెగిరి, ముందుకు పోలేక, ఆటగాడి కళ్లెదుటే చతికిలబడుతుంది. ‘గాలిని చీల్చుకుపోవాలి’ అని ఎంత గట్టిగా కొడితే సాధారణంగా బంతి అంత ఎక్కువగా తిరుగుతుంది, అంత ఎక్కువగా పైకి లేస్తుంది. కోపంతో కొట్టినవాడిని గాలి అలా శిక్షిస్తుంది.

తిరిగే బంతి వంకరగా పోతుందని న్యూటన్ 1672లోనే ఒక ఉత్తరంలో టెన్నిస్ బంతిని ఉదాహరణగా తీసుకుని రాశాడు. కాని గోల్ఫు బంతి గుట్టును శ్రద్ధగా విప్పిన ఘనత పీటర్ గత్రీ టేట్ అనే శాస్త్రజ్ఞుడిది. ఆయన ఎడింబరో విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్ర ఆచార్యుడు. వేసవి సెలవుల్లో సెయింట్ ఆండ్రూస్‌లో గోల్ఫు ఆడేవాడు. ఆయన కొడుకు ఫ్రెడ్డీ టేట్ 1896లోనూ, 1898లోనూ బ్రిటిష్ అమెచ్యూర్ పోటీలో విజేత. బంతి ఎన్ని చుట్లు తిరుగుతోందో తెలుసుకోవడానికి ఆచార్యుడు చేసిన పని ఏమిటో తెలుసా? బంతికి పొడవైన సన్నటి పట్టీ కట్టి కొట్టించి, ఆ పట్టీలో ఎన్ని మెలికలు పడ్డాయో లెక్కపెట్టాడు! ఖరీదైన యంత్రాలేవీ లేవు. ఒక పట్టీ, ఒక ప్రశ్న, కావలసినంత ఓపిక.

ఇక బంతి మీది గుంటల సంగతి. నేటి గోల్ఫు బంతి నున్నగా ఉండదు. దానిమీద సాధారణంగా 300 నుంచి 400 దాకా చిన్నచిన్న పల్లాలు ఉంటాయి. అవి ఎందుకు? పూర్వం తోలు సంచిలో ఈకలు కూరి బంతులు చేసేవారు. 1848 ప్రాంతంలో గట్టాపర్చా అనే చెట్టు పాలతో చేసిన నున్నని బంతులు వచ్చాయి. వింత ఏమిటంటే, కొత్త నున్నని బంతి సరిగా ఎగిరేది కాదు. దెబ్బలు తిని గాట్లు పడిన పాత బంతే బాగా ఎగిరేది. ఆడేవాళ్లు ఇది కనిపెట్టి, కొత్త బంతి మీద తామే గాట్లు పెట్టసాగారు. 1905లో విలియం టేలర్ అనే ఆయన పల్లాలున్న బంతికి పేటెంటు తీసుకున్నాడు.

కారణం ఇది. నున్నని బంతిని రాసుకుపోయే పల్చని గాలి పొర త్వరగా బంతిని విడిచిపోతుంది. బంతి వెనక పెద్ద సుడుల తోక ఏర్పడి దాన్ని వెనక్కు లాగుతుంది. పల్లాలు ఆ పల్చని పొరను అల్లకల్లోలం చేస్తాయి. అప్పుడది బంతిని మరికొంతసేపు అంటిపెట్టుకుని ఉంటుంది. తోక సన్నబడుతుంది. నిరోధం సుమారు సగానికి పడిపోతుంది. శాస్త్రం దీన్ని తరువాత వివరించింది. కాని మొదట గమనించినవాళ్లు మైదానంలో ఆడుతున్న మామూలు మనుషులు. గమనించే కన్ను ఉంటే మైదానమే ప్రయోగశాల!

గాలి అన్యాయం చేస్తుందా?

2010 జులైలో ఈ మైదానంలోనే ఓపెన్ పోటీ జరిగింది. మొదటి రోజు రోరీ మెక్‌ఇల్‌రాయ్ అనే యువకుడు 63 దెబ్బలలో ఆట ముగించాడు. అందరూ ఆహా అన్నారు. మర్నాడు గాలి లేచింది. అదే మనిషి, అవే కర్రలు, అదే మైదానం. ఈసారి పట్టిన దెబ్బలు 80! ఒక్క రాత్రిలో 17 దెబ్బల తేడా. 2015లో ఇక్కడే జరిగిన ఓపెన్‌లో గాలికి బంతులు గుంటల దగ్గర పచ్చిక మీద నిలవక వాటంతటవే కదిలిపోయాయి. గంటల తరబడి ఆట ఆపవలసి వచ్చింది. ఆదివారం ముగియవలసిన పోటీ సోమవారం ముగిసింది.

కొందరు అంటారు: ‘ఇదేం న్యాయం? పొద్దున ఆడినవాడికి గాలి లేదు, సాయంత్రం ఆడినవాడికి తుఫాను. ఇది నేర్పుకు పరీక్షా, అదృష్టానికి పరీక్షా?’ ఈ మాటలో నిజం లేకపోలేదు. ఒక్క రోజు ఫలితంలో అదృష్టానికి పాలు ఉంటుంది. అందుకే ఓపెన్‌లో ఒక్క రోజు కాదు, నాలుగు సార్లు మైదానం చుట్టి రావాలి. అన్నట్టు, 80 కొట్టిన ఆ యువకుడే మిగతా రెండు రోజులూ నిలదొక్కుకుని మూడవ స్థానం పంచుకున్నాడు.

నేననేది ఇది. గాలి లేని చోట కండబలం, మంచి కర్ర, కొత్త బంతి ఉన్నవాడిదే పైచేయి. వీటిలో రెండు డబ్బుతో కొనుక్కోవచ్చు. గాలి వచ్చిందంటే వాటి విలువ తగ్గుతుంది. తెలివి విలువ పెరుగుతుంది. తీరంలో పెరిగిన ముసలాయన ఎదురుగాలిలో ఏం చేస్తాడో చూడండి. బంతిని పైకి కొట్టడు. నెమ్మదిగా, తక్కువ ఎత్తులో కొట్టి, గట్టి ఇసుకనేల మీద దొర్లించుకుపోతాడు. ఎందుకంటే నేలకు దగ్గరగా గాలి వేగం తక్కువ. గడ్డీ గట్లూ గాలిని ఘర్షణతో నిదానింపజేస్తాయి. పైకి పోయేకొద్దీ వేగం పెరుగుతుంది. వాతావరణ కేంద్రాలలో గాలి వేగాన్ని 10 మీటర్ల ఎత్తున కొలవడానికి ఒక కారణం ఇదే. ముసలాయన ఈ సూత్రాన్ని పుస్తకంలో చదివి ఉండకపోవచ్చు. ఆయన కాళ్లకూ చెవులకూ అది తెలుసు.

మీరూ పరీక్షించి చూడవచ్చు. పొడవాటి వెదురుగడ ఒకటి తీసుకోండి. చీలమండ ఎత్తున ఒకటి, నడుము ఎత్తున ఒకటి, గడ చివర ఒకటి, మూడు సన్నని గుడ్డ పీలికలు కట్టండి. గాలి వీచేటప్పుడు బడి మైదానంలోనో, సముద్రపు ఒడ్డునో నిలబెట్టండి. దగ్గరలో కరెంటు తీగలు లేకుండా చూసుకోండి సుమా! ఏ పీలిక ఎంత రెపరెపలాడుతోందో రాసుకోండి. తరువాత టెన్నిస్ బంతిని ఎదురుగాలిలోకి ఒకసారి ఎత్తుగా విసరండి, మరోసారి నేలబారుగా విసరండి. ఏది ఎక్కువ దూరం పోయింది? సమాధానం నేను చెప్పను.

గాలి ఎవరి మొహం చూసీ వీచదు. నీ తండ్రి ఎవరని అడగదు. నీ కర్ర ఖరీదు ఎంతని అడగదు. దానికి కావలసింది ఒక్కటే: నువ్వు తనను గమనించావా, లేదా? అందువల్ల, గాలి వీచే మైదానం నా దృష్టిలో అన్యాయమైన మైదానం కాదు. అన్నిటికంటే న్యాయమైన మైదానం. అయితే ఒక షరతు ఉంది. ఆ మైదానంలోకి ఎవరైనా రాగలగాలి!

ఊరుమ్మడి నేల ఊరికే నిలవలేదు

ఆ షరతును సెయింట్ ఆండ్రూస్ ఎలా నిలుపుకుందో వినండి.

1457లో స్కాట్లండు పార్లమెంటు గోల్ఫునూ, ఫుట్‌బాలునూ నిషేధించింది. జనం విలువిద్య మానేసి ఆటల్లో పడ్డారని ప్రభువుల బెంగ. అంటే అప్పటికే అది జనం ఆట అన్నమాట. 1552లో ఆర్చిబిషప్ జాన్ హామిల్టన్ ఒక పత్రం రాయించాడు. ఆ తీరపు నేలలో కుందేళ్లు పెంచుకునే హక్కు ఆయనకు వచ్చింది. దానికి ప్రతిగా, గోల్ఫు, ఫుట్‌బాలు, విలువిద్య, ఇంకా అన్ని రకాల ఆటలూ అక్కడ ఆడుకునే హక్కు పట్టణవాసులదేనని ఆ పత్రం గుర్తించింది.

కాగితం మీద రాసుకున్నారు కదా, ఇక భయమేముంది అనుకోకండి. 1797లో పట్టణ పాలకవర్గం అప్పులపాలై ఆ నేలను పరాధీనం చేసింది. అది కుందేళ్ల వ్యాపారుల చేతికి పోయింది. మైదానం నిండా బొరియలే! ఊళ్లోవాళ్లు ఊరుకోలేదు. తగాదా కోర్టుకెక్కి ఏళ్ల తరబడి సాగింది. చివరకు 1821లో జేమ్స్ చీప్ అనే స్థానిక భూస్వామి ఆ నేలను కొని గోల్ఫు కోసం కాపాడాడు. ఒక మంచి భూస్వామి దొరకడం అదృష్టమే. కాని ఊరి హక్కు ఒక మనిషి మంచితనం మీద ఆధారపడి ఎంతకాలం నిలుస్తుంది? అందుకే 1894లో పార్లమెంటు చట్టం చేసి ఆ నేలను తిరిగి పట్టణానికి దఖలుపరిచింది. 1974లో మరో చట్టం వచ్చి, ప్రజల తరఫున మైదానాలను చూసుకోవడానికి ఒక ట్రస్టును ఏర్పరచింది. నేడు ఆ ట్రస్టు కింద ఏడు మైదానాలు ఉన్నాయి. వాటిలో ఒకటి పిల్లలకూ, కొత్తగా నేర్చుకునేవారికీ అనువైన తొమ్మిది గుంటల చిన్న మైదానం.

అన్నిటికంటే నాకు నచ్చిన సంగతి ఇది. పెద్ద పోటీల రోజులు తప్పిస్తే, ఆదివారం నాడు ఓల్డ్ కోర్స్‌లో గోల్ఫు ఆడరు. మైదానానికి విశ్రాంతి. ఊళ్లోవాళ్లు కుక్కల్ని వెంటబెట్టుకుని షికారుకు వస్తారు. పిల్లలు పరుగులు తీస్తారు. మొదటి గుంట దారికీ, చివరి గుంట దారికీ అడ్డంగా ఒక బాట పోతుంది. మామూలు రోజుల్లో కూడా జనం ఆ బాట మీద సముద్రతీరానికి నడిచి పోతుంటారు. ప్రపంచ విజేత అయినా సరే, వాళ్లు దాటేదాకా ఆగవలసిందే!

అక్కడ అంతా బంగారమేనా? కాదు. ఉన్నది ఉన్నట్టు చెప్పుకోవాలి. ఊళ్లో నివసించేవారు ఏడాదికొకసారి కొద్ది రుసుము కట్టి ఆడుకుంటారు. కాని బయటినుంచి వచ్చినవారు వేసవిలో ఓల్డ్ కోర్స్ మీద ఒక్కసారి ఆడాలంటే 300 పౌండ్లకు పైనే కట్టాలి. పైగా చాలామందికి చీటీల పద్ధతిలో పేరు వస్తేనే అవకాశం. ద్వారం అందరికీ తెరిచే ఉంది, కాని గడప ఎత్తు ఎక్కువ! అలాగే మైదానం పక్కనే రాయల్ అండ్ ఏన్షెంట్ గోల్ఫ్ క్లబ్ ఉంది. 1754లో పుట్టిన క్లబ్బు అది. ఆడవాళ్లను సభ్యులుగా చేర్చుకోవడానికి ఆ క్లబ్బు ఒప్పుకున్నది ఎప్పుడో తెలుసా? 2014లో! మైదానం ఊరిది కాబట్టి ఆడవాళ్లు అంతకు ముందునుంచే అక్కడ ఆడగలిగారు. 1867లోనే వాళ్లు తమ సొంత సంఘం పెట్టుకున్నారు. ఎగుడుదిగుడుగా ఉండే వాళ్ల చిన్న పచ్చికకు ‘హిమాలయాలు’ అని ముద్దుపేరు. నేటికీ కొద్దిపాటి పౌండ్లు ఇచ్చి ఎవరైనా అక్కడ ఆడవచ్చు. క్లబ్బు తలుపు మూసి ఉన్నా, ఊరుమ్మడి నేల తెరిచి ఉంది. తేడా గమనించారా?

ఇప్పుడు మరో ప్రమాదం వచ్చింది. ఈసారి కుందేళ్ల వ్యాపారులు కాదు, సముద్రమే. భూగోళం వేడెక్కి సముద్రమట్టం పెరుగుతున్నకొద్దీ ఇసుక తీరాలు కోతకు గురవుతున్నాయి. సెయింట్ ఆండ్రూస్‌కు ఉత్తరాన మాంట్రోస్ అనే ఊళ్లో మరో పాత తీర మైదానం ఉంది. గడచిన 30 ఏళ్లలో సముద్రం అక్కడ 70 మీటర్ల మేర ముందుకు వచ్చిందని 2018లో వెలువడిన ఒక నివేదిక చెప్పింది. సెయింట్ ఆండ్రూస్‌లో ఇసుక పోసి, గడ్డి నాటి, దిబ్బలను నిలబెడుతున్నారు. గాలి కట్టిన గోడను గాలి పద్ధతిలోనే తిరిగి కట్టాలని వాళ్లకు తెలుసు.

మరి లోకంలో మిగతా చోట్ల? కొన్ని చోట్ల గోల్ఫు కోసం ఎడారిలో గొట్టాలతో నీళ్లు తోడి పచ్చిక పెంచుతున్నారు. యంత్రాలతో మిట్టలు చదును చేసి, చుట్టూ గోడ కట్టి, లోపల కొద్దిమంది ఆడుకుంటున్నారు. ఆట ఆటే, కాదనను. కాని అక్కడ నేల నోరు నొక్కేశారు, ఊరిని బయటికి నెట్టేశారు. అసలు ఆ ఆట పుట్టిందేమో దొరికిన నేలమీద, వీచే గాలిలో, నలుగురి మధ్య! ప్రకృతిని జయించామని గొప్పలు చెప్పుకోవడం కంటే, దానితో పొత్తు పెట్టుకుని ఆడడంలోనే ఎక్కువ నేర్పు ఉంది.

మీరు గోల్ఫు ఆడాలని నేను ఈ వ్యాసం రాయలేదు. మీలో చాలామంది గోల్ఫు కర్ర చేతపట్టకపోవచ్చు కూడా. కాని మీ ఊళ్లో బడి మైదానం ఉంటుంది. చెరువుగట్టు పక్కన బీడు ఉంటుంది. సముద్రతీరంలో ఉన్నవారికి ఇసుకతిన్నెలు ఉంటాయి. అవి ఎవరివి? ‘ఎవరివీ కావు’ అని ఎవరైనా అంటే నమ్మకండి. ‘ఎవరివీ కావు’ అన్న నేల త్వరలోనే ఎవరో ఒకరిది అవుతుంది. అవి అందరివీ. ఆ తేడా తెలిసిన ఊరే తన మైదానాన్ని 1552 నుంచి నేటిదాకా కాపాడుకోగలిగింది. అది కూడా ఒక్కసారి కాగితం రాసుకుని కాదు, తరం తరువాత తరం దానిమీద నడుస్తూ, ఆడుతూ, అవసరమైనప్పుడు గొంతెత్తుతూ.

ఈ సాయంత్రం గాలి వీస్తే బయటికి వెళ్లండి. వెదురుగడ పట్టుకుని మీ మైదానంలో నిలబడండి. పీలికలు ఎటు ఎగురుతున్నాయో చూడండి. ఆ మైదానం వెడల్పు ఎన్ని అడుగులో నడిచి లెక్కపెట్టి, తేదీ వేసి రాసుకోండి. వచ్చే ఏడాది ఇదే రోజున మళ్లీ లెక్కపెట్టండి. ఒక్క అడుగు తగ్గినా, ఎందుకు తగ్గిందని పెద్దలను అడగండి.